గర్భిణులు కొంచెము కల్లు పుచ్చుకొనవచ్చునా?



హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతములలో మీలో అనేకులు రేష్మి పురుగులను పెంచుచున్నారు. మందు చల్లిన ఆకును గడువు తీరక ముందు పురుగులకు వేయరు. పొగాకు ముట్టిన చేతితో చాకీ పురుగులను తాకరు. "కొంచెమే కదా, ఏమి కాదులే" అని ప్రక్కవారు చెప్పినను మీరు వినరు. పురుగు ఎంత చిన్నదైన దానికి తగులు విషము అంత పెద్దదని మీకు అనుభవము వలన తెలియును. ఈ జాగ్రత్తనే ఇంటిలోని గర్భిణి విషయమున కూడ పాటింపవలెనని చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయబడినది.

"గర్భముతో నున్నప్పుడు కొంచెము కల్లు గాని, ఒక మూత బ్రాందీ గాని పుచ్చుకొన్నచో తప్పా?" అనునది ప్రశ్న. దీనికి సమాధానము ముందే చెప్పుచున్నాము. పుచ్చుకొనరాదు. బిడ్డకు హాని చేయదని చెప్పదగిన కొలత ఇంతవరకు ఎవరును కనుగొనలేదు. ఇట్లు చెప్పుటకు గల కారణములు, తెలియక పుచ్చుకొన్నవారు చేయవలసిన పనులు క్రింద వివరింపబడినవి.

ఈ ప్రశ్న మనకెందుకు?

మన వైపు ఆడవారు త్రాగుట తక్కువే. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో మద్యము పుచ్చుకొను స్త్రీలు నూటికి ఒక్కరికన్న తక్కువ. తెలంగాణలో నూటికి ఆరేడుగురు కలరు. కావున ఈ మాట మనకు పట్టదని కొందరు అనుకొనవచ్చును.

కాని సర్వేలో అడిగినపుడు "నేను త్రాగను" అని నిజాయితీగా చెప్పు ఇల్లాలు కూడ కొన్ని సందర్భములలో మందు పేరుతో, బలము పేరుతో పుచ్చుకొనుట కలదు. వేరుశనగ పెరికి, కాయలు వలిచి ఒళ్లు నొప్పులతో ఇల్లు చేరినపుడు ఒక గ్లాసు కల్లు పట్టును. ఎండకాలమున ఈత కల్లు చలువ చేయునని అవ్వ చెప్పును. వేవిళ్లతో అన్నము సయించనపుడు "ఇదైనను కడుపులో నిలుచును" అని అత్త ఇచ్చును. జలుబు చేసినపుడు వేడినీళ్లలో నాలుగు చుక్కల బ్రాందీ కలిపి ఇత్తురు. వీరందరు ప్రేమతోనే ఇత్తురు. ఇచ్చిన దానిని త్రాగుడు అని ఎవరును అనుకొనరు. ఈ "కొంచెము"ను గూర్చియే మనము ఆలోచింపవలెను.

త్రాగినది బిడ్డకు ఎట్లు చేరును?

తల్లి రక్తము, బిడ్డ రక్తము నేరుగా కలియవు. మధ్యలో మాయ కలదు. తల్లి తిన్న ఆహారములోని సారము మాయ ద్వారా బొడ్డుత్రాడులోనికి పోయి బిడ్డకు చేరును. కొన్ని క్రిములను, కొన్ని పెద్ద పదార్థములను మాయ ఆపగలదు. కల్లు, సారాయి, బీరు, బ్రాందీ అన్నిటిలోను మత్తు కలిగించు పదార్థము ఒక్కటే. అది ఆల్కహాలు. అది నీటివలె సులభముగా ప్రాకిపోవును గనుక మాయ దానిని ఆపజాలదు. కొద్దిసేపటిలోనే బిడ్డ రక్తములోని ఆల్కహాలు పాలు ఇంచుమించు తల్లి రక్తములోని పాలుతో సమానమగును.

తల్లికి కాలేయము కలదు. అది గంటకు సుమారు 7, 8 గ్రాముల ఆల్కహాలును విరిచివేయగలదు. బిడ్డ కాలేయము ఇంకను తయారగుచున్న దశలో నుండును. దానికి ఆ శక్తి చాలదు. అంతేకాదు, బిడ్డ విసర్జించిన ఆల్కహాలు ఉమ్మనీటిలో చేరును. బిడ్డ ఆ నీటినే మరల మ్రింగును. కావున తల్లికి మత్తు దిగిన తరువాత కూడ బిడ్డకు అది పూర్తిగా వదలదు.

మొదటి రెండు నెలలలోనే గుండె, వెన్ను, కాళ్లు చేతులు, ముఖము రూపు కట్టును. మెదడు మాత్రము మొదటి నెల నుండి కాన్పు వరకు, ఆ తరువాత కూడ పెరుగుచునే యుండును. కావున "మూడు నెలలు దాటినవి, ఇక భయము లేదు" అనుట సరికాదు. గర్భమున ఏ నెలయు ఆల్కహాలుకు తగిన నెల కాదు.

ఎక్కువ త్రాగినచో కలుగు హాని

ఈ విషయమున సందేహమునకు తావు లేదు. 1968లో ఫ్రాన్సు దేశమున నాంట్ నగరములో పాల్ లెమోయిన్ అను వైద్యుడు త్రాగుడు అలవాటున్న కుటుంబములలో పుట్టిన 127 మంది పిల్లలను పరిశీలించి, వారిలో ఒకే తీరు లోపములను గుర్తించెను. 1973లో అమెరికాలోని సియాటిల్ నగరమున కెన్నెత్ జోన్స్, డేవిడ్ స్మిత్ అను వైద్యులు ఇట్టి లక్షణములనే వర్ణించి ఈ జబ్బుకు పేరు పెట్టిరి. తల్లి గర్భములో ఆల్కహాలు వలన కలుగు లోపముల సముదాయము అని దాని అర్థము.

గర్భస్రావము, నెలలు నిండని కాన్పు, కడుపులోనే బిడ్డ చనిపోవుట, బరువు తక్కువగా పుట్టుట ఇందు మొదటివి. పుట్టిన బిడ్డకు తల చిన్నదిగా నుండవచ్చును. కన్నుల చీలిక కురుచగా, పై పెదవి పలుచగా, ముక్కునకు పెదవికి నడుమ నుండు గాడి చదునుగా నుండవచ్చును.

అయితే ముఖమున ఈ గుర్తులు కొద్దిమందికే కనబడును. ఎక్కువమంది పిల్లలు చూచుటకు అందరివలె నుందురు. బడికి పంపిన తరువాతనే లోపము తెలియును. లెక్కలు పట్టుబడవు. చెప్పిన మాట నిలువదు. ఒకచోట కుదురుగా కూర్చుండలేరు. చేసిన తప్పునే మరల చేయుదురు. అట్టి బిడ్డను మొండివాడనియు, సోమరి అనియు దండించుట కలదు. పాపము, ఆ దోషము వానిది కాదు. వేరుశనగ పైరు ఊడలు దిగునపుడు తేమ చాలకున్నను ఆకు పచ్చగానే కనబడవచ్చును. చెట్టు పెరికినపుడు గాని కాయలో గింజ లేదని తెలియదు. ఇదియు అట్టిదే. ఒకసారి కలిగిన ఈ లోపమును పూర్తిగా సరిచేయు మందు లేదు. తల్లి ఆల్కహాలు ముట్టకున్నచో ఈ జబ్బు రానే రాదు.

"కొంచెము" అనగా ఎంత?

ఒక్కొక్కరి కొంచెము ఒక్కొక్క తీరుగా నుండును. కావున గ్రాములలో లెక్క చూచుట మంచిది.

1. నూటికి 5 వంతుల ఆల్కహాలు గల కల్లు 650 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 25 గ్రాముల ఆల్కహాలు ఉండును.

2. అంతే సీసాడు మామూలు బీరులోను సుమారు 25 గ్రాములు ఉండును. నూటికి 8 వంతులుండు స్ట్రాంగు బీరైనచో 40 గ్రాములు ఉండును.

3. బ్రాందీ, విస్కీ, రమ్ములలో నూటికి సుమారు 42.8 వంతులు ఉండును. 30 మిల్లీలీటర్లలో 10 గ్రాములు, 90 మిల్లీలీటర్ల ప్యాకెట్టులో 30 గ్రాములు ఉండును.

4. నాటుసారాయికి కొలత లేదు. ఒకనాటి బట్టీ మరియొకనాటి బట్టీవలె నుండదు. అందు కలియు ఇతర విషములు కన్నులను, ప్రాణములను తీసిన సందర్భములు కలవు.

దీనిని బట్టి చూడగా "ఒక్క సీసా కల్లే కదా" అని త్రాగిన దానిని తల్లి కాలేయము విరిచివేయుటకు మూడు గంటలకు పైగా పట్టును. అది మూడు పెగ్గుల బ్రాందీకి దగ్గర. అనగా మనము కొంచెము అనుకొనునది డాక్టర్ల లెక్కలో కొంచెము కాదు.

ప్రొద్దుటి కల్లులో మత్తు ఉండదని ఒక మాట కలదు. ఇదియు సరికాదు. చెట్టున కట్టిన ముంతలో నిన్నటి కల్లు మడ్డి అంటియున్నచో రసము కారుచున్నపుడే పులియుట ఆరంభించును. సున్నము పూసిన శుభ్రమైన ముంతలో పట్టి, వెంటనే చల్లబరచిన నీరా వేరు, కల్లు వేరు. చూపునకు రెండును ఒకటివలె నుండును గనుక గర్భిణి రెండింటిని మానుటయే క్షేమము. పైగా కల్లులో క్లోరల్ హైడ్రేటు, డైజిపాం, అల్ప్రజోలం వంటి మత్తుమందులు కలిపి అమ్మినవారు తెలుగునాట పలుమార్లు పట్టుబడిరి. ఆ మందులు గర్భిణికి మరింత ప్రమాదకరములు.

కొంచెముతో హాని రుజువైనదా?

ఈ ప్రశ్నకు ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను. ఎప్పుడో ఒకసారి ఒక గ్లాసు పుచ్చుకొన్న ప్రతి తల్లికి లోపము గల బిడ్డ పుట్టునని ఎవరును రుజువు చేయలేదు. 2012లో డెన్మార్కు దేశమున ప్రచురింపబడిన పరిశీలనలలో వారమునకు ఒకటి మొదలు నాలుగు గ్లాసుల వరకు పుచ్చుకొన్న తల్లుల పిల్లలకు అయిదవ ఏట తెలివిలో తేడా కనబడలేదు. ఇట్టివి చదివి కొందరు "కొంచెమైతే ఫరవాలేదు" అని చెప్పుచున్నారు.

ఆ మాటను మూడు కారణములచేత మనము నమ్మరాదు. మొదటిది, తేడా కనబడకపోవుట వేరు, తేడా లేదనుట వేరు. అయిదవ ఏట బయటపడని లోపము పదవ ఏట లెక్కలు నేర్చునపుడు బయటపడవచ్చును. రెండవది, అచ్చటి తల్లులకు తిండి, వైద్యము, విశ్రాంతి కలవు. రక్తహీనతతో నుండి, ఎండలో పని చేయు మన తల్లులకు ఆ ఫలితమును అతికించుట తగదు. మూడవది, ఒకే కొలత ఇద్దరు స్త్రీలు త్రాగినను రక్తములో చేరు ఆల్కహాలు ఒకటిగా నుండదు. శరీరపు బరువు, కాలేయపు శక్తి, పుట్టుకతో వచ్చిన గుణములు, ఆ పూట తిన్న అన్నము, వీటన్నిటిని బట్టి అది మారును. ఎవరి బిడ్డకు ఎంత తగులునో ముందుగా చెప్పు పరీక్ష లేదు.

ఇంగ్లండు మొదలగు దేశములలో కూడ ఒకప్పుడు త్రాగదలచిన గర్భిణులు వారమునకు ఒకటి రెండు సార్లు స్వల్పముగా పుచ్చుకొనవచ్చునని సలహా యుండెను. 2016 జనవరిలో అచ్చటి ముఖ్య వైద్యాధికారులు ఆ మాటను తీసివేసి, అసలు పుచ్చుకొనకుండుటయే క్షేమమని ప్రకటించిరి. అమెరికా ప్రభుత్వ ముఖ్య వైద్యాధికారి 1981లోను, మరల 2005లోను ఇదే హెచ్చరిక చేసెను. గర్భిణులు మద్యము, పొగాకు ముట్టరాదని మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ తన ఆహార సూత్రములలో చెప్పుచున్నది.

లాభనష్టములు చూచు రైతు ఈ విధముగా ఆలోచింపవచ్చును. కొంచెము కల్లు పుచ్చుకొనుట వలన బిడ్డకు వచ్చు లాభము ఏమియు లేదు. నష్టము రావచ్చును, రాకపోవచ్చును. వచ్చినచో బ్రతుకంతయు ఉండును. లాభము లేని చోట అంత పెద్ద నష్టమునకు ఒడ్డుట ఎందుకు?

పెద్దలు చెప్పు మాటలు

"నేను నలుగురిని కన్నాను, నాలుగు కాన్పులకు కల్లు త్రాగాను, నా పిల్లలకేమైనది?" అని అవ్వ అడుగవచ్చును. ఆమె మాట అబద్ధము కాదు. గట్టు లేని బావి ప్రక్కన ఆడుకొన్న పిల్లలందరును పడరు. అంతమాత్రమున గట్టు అక్కరలేదని అనము గదా.

"పూర్వము డాక్టర్లే ఇచ్చెడివారు" అనుటలో కొంత నిజము కలదు. 1960, 1970 దశకములలో అమెరికా మొదలగు దేశములలో నెలలు నిండక ముందు వచ్చు నొప్పులను ఆపుటకు ఆల్కహాలును రక్తనాళములోనికి ఎక్కించెడివారు. తరువాత దానికన్న మంచి మందులు వచ్చుటచే, హాని తెలియుటచే ఆ పద్ధతి విడువబడినది.

"కల్లు బలము" అనుట మరియొకటి. కల్లులో కొంత చక్కెర, కొద్దిగా విటమినులు ఉన్న మాట నిజమే. అవి మనకు ఇంతకన్న మంచి ఆహారములలో ఎక్కువగా దొరకును.

"బాలింతకు పాలు పడును" అనుటయు పొరపాటు. ఆల్కహాలు పాలు దిగుటను తగ్గించును. తల్లి రక్తములో ఎంత పాలు ఆల్కహాలు ఉండునో చనుబాలలోను ఇంచుమించు అంతే యుండును. పసిబిడ్డకు జలుబు చేయకుండ నాలుకకు బ్రాందీ రాయుట మిక్కిలి ప్రమాదము.

ఆసవములు, అరిష్టములు కూడ పులియబెట్టి చేయునవే. వానిలో సాధారణముగా నూటికి 5 నుండి 10 వంతుల ఆల్కహాలు స్వయముగా పుట్టును. దశమూలారిష్టము ఇట్టిదే. కొన్ని దగ్గు మందులలో కూడ ఆల్కహాలు కలదు. గర్భిణి వీటిని డాక్టరు నడుగక పుచ్చుకొనరాదు. అయితే ఇడ్లీ, దోసె, సద్దన్నము, మజ్జిగ, అంబలి పులియును గదా అని భయపడ నక్కరలేదు. వానిలో ఆల్కహాలు లెక్కకు రానంత స్వల్పము.

తెలియక పుచ్చుకొన్నవారు

నెల తప్పిన సంగతి తెలియక ముందు ఒకటి రెండు సార్లు పుచ్చుకొన్నవారు దిగులు పడరాదు. అంత మాత్రమునకు గర్భము తీయించుకొనవలెనని ఎవరైన చెప్పినచో వినవద్దు. అట్టి తల్లులలో చాలమందికి ఆరోగ్యవంతులైన బిడ్డలే పుట్టుచున్నారు. నేడే మానుడు. ఏ నెలలో మానినను ఆ దినము నుండి బిడ్డకు మేలే జరుగును. ఆశ కార్యకర్తతో గాని, ఏ.ఎన్.ఎం.తో గాని, డాక్టరుతో గాని జరిగినది దాచక చెప్పుడు. వారు మిమ్ము తప్పు పట్టరు. బిడ్డ ఎదుగుదలను మరికొంత శ్రద్ధతో చూచుటకు ఆ మాట వారికి పనికివచ్చును.

ప్రతిదినము త్రాగు అలవాటున్న స్త్రీ విషయము వేరు. ఆమె ఒక్కసారిగా మానినచో చేతులు వణకుట, చెమటలు, కలవరము, ఫిట్లు రావచ్చును. ఇవి తల్లికి, బిడ్డకు కూడ ప్రమాదము. కావున అట్టివారు ఇంటిలోనే మాన్పింపబూనక హిందూపురం, పెనుకొండ, ధర్మవరములలోని ప్రభుత్వ ఆసుపత్రులలో దేనికైన వెళ్లి డాక్టరు పర్యవేక్షణలో మానవలెను. ఫిట్లు వచ్చినచో వెంటనే 108కు ఫోను చేయవలెను. త్రాగుడు మానదలచినవారికి సలహా ఇచ్చుటకు 14446 అను ఉచిత ఫోను కలదు.

ఇంటివారు చేయవలసినది

ఈ జాగ్రత్తను గర్భిణి ఒక్కతె మీద వేయుట న్యాయము కాదు. భర్త ఇంటిలో త్రాగుచు భార్యను మానుమనుట ఎట్లు పొసగును? ఆ తొమ్మిది నెలలు ఇంటిలోనికి సీసా రాకుండ చూచుట భర్త బాధ్యత. కల్లుకు పోవు డబ్బు పాలకు, గ్రుడ్లకు పోవలెను. త్రాగివచ్చి చేయి చేసికొను ఇంటిలో గర్భిణికి, కడుపులోని బిడ్డకు ఎంత హాని జరుగునో వేరుగ చెప్ప నక్కరలేదు.

అత్తలు, అవ్వలు తమ చేతితో ఇచ్చుట మానవలెను. కోడలు అత్త ఇచ్చినదానిని కాదనలేదు. కాని అత్త ఒక్క మాట అన్నచో ఇంటిలో అందరు విందురు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయిపై ఆరంభించిన ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించినది. దాని ఫలితముగా 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లో సారాయి అమ్మకము నిలిపివేయబడినది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింపబడినది. చట్టము వచ్చినను పోయినను మన ఇంటి గడపలోపలి కట్టుబాటు మన చేతిలోనే యున్నది. మీ ఊరి పొదుపు సంఘము సమావేశమున ఈ విషయము ఒకసారి చర్చింపుడు.

కల్లుకు బదులు ఏమి ఇయ్యవలెను?

దప్పికకు ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, నిమ్మకాయ నీరు, లేత కొబ్బరినీరు మంచివి. బలమునకు మన రాగులను మించినవి లేవు. నూరు గ్రాముల రాగులలో సుమారు 340 నుండి 360 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. ఉదయము రాగి అంబలి, మధ్యాహ్నము రాగి సంగటితో ఆకుకూర పప్పు, వేరుశనగ ఊరుబిండి పెట్టుడు. వేరుశనగ గింజలలో నూటికి సుమారు 25 వంతుల మాంసకృత్తులు కలవు. బూజు పట్టిన గింజలను మాత్రము ఏరివేయవలెను. వేవిళ్లు ఉన్నపుడు ఒకేసారి ఎక్కువ పెట్టక, బొరుగులు, అరటిపండు వంటివి కొద్దికొద్దిగా పలుమార్లు ఇయ్యవలెను. ఒళ్లు నొప్పులకు మందు విశ్రాంతియే. బరువులు మోయు పనిని మరియొకరు పంచుకొనవలెను.

ఆరోగ్య కేంద్రములో ఇచ్చు ఇనుము, ఫోలిక్ యాసిడ్ మాత్రలను చెప్పిన ప్రకారము మ్రింగవలెను. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచితముగా పరీక్షలు జరుగును. ఆనాడు పొలము పని ఒక పూట ఆగినను ఫరవాలేదు.

జ్ఞాపకముంచుకొనవలసిన విషయములు

1. గర్భిణికి క్షేమమని చెప్పదగిన మద్యపు కొలత లేదు.
2. కల్లు, బీరు, బ్రాందీ, సారాయి అన్నిటిలోని ఆల్కహాలు ఒక్కటే.
3. ఏ నెలలోను పుచ్చుకొనరాదు. పాలిచ్చునపుడు కూడ మానవలెను.
4. తెలియక పుచ్చుకొన్నచో భయపడక, నేడే మాని, డాక్టరుకు చెప్పవలెను.
5. నిత్యము త్రాగు అలవాటున్నవారు ఆసుపత్రి సహాయముతోనే మానవలెను.
6. పిల్ల కావలెనని కోరుచున్న స్త్రీ నెల తప్పక ముందు నుండియే మానుట మంచిది.

చాకీ పురుగునకు మీరు చూపు శ్రద్ధ పంట చేతికి వచ్చునపుడు గూటి బరువులో కనబడును. గర్భిణికి మీరు చూపు శ్రద్ధ మీ బిడ్డ బడికి పోవునపుడు కనబడును.